ఉప్పుమడిలో సైన్సు గీత

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచింది. మరుసటి ఏడాది బడుల్లోకి పెద్ద డిజిటల్ తెరలూ వచ్చాయి. వాటిలో పిల్లలు ఎక్కువగా చూసేది ఎవరో చేసిపెట్టిన వీడియోలే. చూడటం వచ్చింది సరే, సొంతంగా గీయడం ఎప్పుడు?

శ్రీకాకుళం జిల్లా నౌపడ ఉప్పుమడుల్లో అందుకు కావలసిన సరుకు కళ్లెదుటే ఉంది. సముద్రపు నీటిలో లవణాలు సుమారు మూడున్నర శాతం. మడిలో నీరు ఆవిరయ్యేకొద్దీ ముందు సున్నపు లవణం, జిప్సం అడుగున చేరతాయి. సాంద్రత బామే కొలతలో 25 డిగ్రీల దగ్గరికి వచ్చాకే తినే ఉప్పు గడ్డకడుతుంది. తొమ్మిదో తరగతి పిల్లలు హైడ్రోమీటరుతో రోజూ ఆ సాంద్రత కొలిచి స్ప్రెడ్‌షీటులో గ్రాఫు గీస్తే, వాన కురిసిన రోజు గీత ఎందుకు కిందికి దిగిందో వాళ్లే చెబుతారు. కొలత తప్పితే ఎంత అందమైన గ్రాఫైనా అబద్ధమాడుతుందనీ గ్రహిస్తారు. ట్యాబు నొక్కడం కన్నా ఈ తెలివి విలువైనది. ఇస్రో పటాల వెబ్‌సైటు భువన్‌లో ఈ తీరపు ఉపగ్రహ చిత్రాలూ ఉన్నాయి. 2018 అక్టోబరు 11న పలాస ప్రాంతాన్ని కుదిపేసిన తిత్లీ తుపాను దారిని పిల్లలచేత ఆ పటం మీద గీయించవచ్చు.

కొత్త తెరలు అక్కర్లేదు. సైన్సు, లెక్కల పీరియడ్లు కలిపి వారానికో గంట, ఉపాధ్యాయులకు కాస్త శిక్షణ చాలు. వేసవి సెలవులకు ముందే, మడుల్లో ఉప్పు తేలే రోజుల్లోనే జిల్లా విద్యాశాఖ దీన్ని మొదలుపెట్టాలి.