అవశేషాల కొలత కోతకు ముందే జరగాలి: నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాలకు మాస్ స్పెక్ట్రోమెట్రీ ఆవశ్యకత

పంట ఉత్పత్తిలో పురుగుమందు అవశేషం ఉన్నదా, ఉంటే ఎంత అన్న ప్రశ్నకు నేడు తుది సమాధానం చెప్పగలిగేది మాస్ స్పెక్ట్రోమెట్రీ. కిలో మిరపకాయలలో మిల్లీగ్రాములో వందో వంతు మాత్రమే ఉన్న రసాయనాన్ని సైతం ఈ విధానం గుర్తించి, దాని పరిమాణాన్ని తెలుపగలదు. అయితే ఆ సమాధానం ఎవరికి, ఏ దశలో అందుతున్నది అన్నది అంతే ముఖ్యమైన ప్రశ్న. మిరపలో ఈ పరీక్ష ప్రధానంగా ఎగుమతి దశలో జరుగుతున్నది. అప్పటికి సరుకు రైతు చేతిని దాటిపోయి, అనేక గ్రామాల సరుకుతో కలిసిపోతుంది. ఫలితం ప్రతికూలమైతే దాని భారం మరుసటి కొనుగోళ్లలో ధర తగ్గింపుగా రైతుపైనే పడుతుంది. నివేదిక మాత్రం అతనికి చేరదు. ఈ కొలతను కోతకు ముందు దశకు, పొలానికి చేరువకు తీసుకురావడం వ్యవసాయ పరిశోధన తక్షణం చేపట్టవలసిన పని.

సాధనం సాధించిన ప్రగతి

1919లో ఎఫ్.డబ్ల్యూ. ఆస్టన్ రూపొందించిన మాస్ స్పెక్ట్రోగ్రాఫ్ మూలకాల ఐసోటోపులను వేరుచేసి చూపింది. వేడికి విచ్ఛిన్నమయ్యే పెద్ద అణువులను పరీక్షించడం చాలాకాలం కష్టసాధ్యంగానే ఉండేది. వాటిని మృదువుగా అయనీకరించే పద్ధతులకు జాన్ ఫెన్, కోయిచి తనాకాలు 2002లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిలో భాగం పొందారు. ఫెన్ అభివృద్ధి చేసిన ఎలక్ట్రోస్ప్రే పద్ధతే నేటి ఎల్.సి.-ఎం.ఎస్./ఎం.ఎస్. పరికరాలకు ప్రాణం. 2003లో వెలువడిన క్వెచర్స్ అనే నమూనా తయారీ విధానం ద్రావణుల ఖర్చును, సమయాన్ని బాగా తగ్గించింది. నేడు ఒకే నమూనా సారం నుండి వందల రసాయనాలను ఒకే విడతలో పరీక్షించడం సాధ్యమవుతున్నది.

ఇటీవలి ఆర్బిట్రాప్, క్యూ-టాఫ్ వంటి అధిక విభేదన పరికరాలు మరో సౌకర్యాన్ని తెచ్చాయి. ముందుగా ఎంచుకున్న రసాయనాలనే కాక, నమూనాలో కనిపించిన అయానుల సమాచారాన్ని విస్తృతంగా నమోదుచేస్తాయి. రేపు ఏదైనా కొత్త రసాయనంపై అనుమానం వస్తే, నేటి నమూనా సమాచారాన్ని తిరిగి శోధించవచ్చు. కల్తీ మందులలో లేబుల్‌పై లేని రసాయనాలను గుర్తించడానికి కూడా ఇది ఉపకరిస్తుంది.

పరికరం చెప్పనివి

ఇంత శక్తి ఉన్నా ఈ సాధనం సర్వజ్ఞం కాదు. మాంకోజెబ్ వంటి డైథయోకార్బమేట్లు సాధారణ బహుళ అవశేష పరీక్షకు చిక్కవు. వాటిని కార్బన్ డైసల్ఫైడ్‌గా మార్చి విడిగా కొలవాలి. అధిక ధ్రువత్వం గల గ్లైఫోసేట్‌కు సైతం వేరే పద్ధతి అవసరం. ఎండుమిరపలోని రంగు, కారపు పదార్థాలు అయనీకరణను అణచివేసి, ఉన్న అవశేషాన్ని తక్కువగా చూపగలవు. అవశేషం లేని మిరప సారంలోనే ప్రమాణ ద్రావణాలను తయారుచేసి పోల్చినప్పుడే అంకె విశ్వసనీయమవుతుంది. కనుక ఏయే రసాయనాలను, ఏ పద్ధతిలో వెదికారో తెలుపని నివేదికలో "అవశేషాలు లేవు" అన్న వాక్యానికి విలువ స్వల్పం.

నమూనా సేకరణ మరింత కీలకం. అఫ్లాటాక్సిన్ దీనికి మంచి ఉదాహరణ. ఆస్పర్జిల్లస్ బూజు కుప్ప అంతటా సమంగా వ్యాపించదు. కొన్ని కాయలలోనే విషం అధికంగా ఉంటుంది. మిరపలో బి1 అఫ్లాటాక్సిన్‌కు ఐరోపా సమాఖ్య విధించిన పరిమితి కిలోకు 5 మైక్రోగ్రాములు. కుప్ప పైనుండి తీసిన పిడికెడు కాయలను ఎంత విలువైన పరికరంలో పరీక్షించినా, ఆ అంకె పిడికెడు కాయలకే వర్తిస్తుంది, కుప్పకు కాదు.

స్థానిక సమాచారం ఎందుకు అవసరం

నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం 1906లో ప్రారంభమైనది. పత్తి, శనగ, జొన్న, కొర్ర, వరి రకాలతో ఈ ప్రాంత సేద్యానికి అది చేసిన సేవ సుపరిచితం. ఇక్కడి నల్లరేగడి నేలలలో నిల్వతేమపై శనగ, కె.సి. కాలువ, తెలుగుగంగ ఆయకట్టులలో వరి, నీటి వసతి ఉన్నచోట మిరప సాగవుతాయి. నేల, ఎండ, తేమ, కోత సమయం మారితే మందు క్షీణించే వేగమూ మారుతుంది. వేరొక ప్రాంతపు అధ్యయనం ఆధారంగా నిర్ణయించిన నిరీక్షణ కాలం ఇక్కడ సరిపోతుందని ముందుగానే భావించడం శాస్త్రీయం కాదు.

ఒక లెక్కను పరిశీలించవచ్చు. పిచికారి నాడు కాయపై కిలోకు 0.8 మిల్లీగ్రాముల అవశేషం ఉండి, నాలుగు రోజులకొకసారి అది సగానికి తగ్గుతుందనుకుంటే, 0.1 మిల్లీగ్రాముకు దిగడానికి 12 రోజులు చాలు. ఐరోపా సమాఖ్య సాధారణ పరిమితి అయిన 0.01 మిల్లీగ్రాముకు దిగడానికి 25 రోజులకు పైగా పడుతుంది. మిరపకు మరో చిక్కు ఉంది. నూటికి 75 పాళ్ల తేమ గల కాయ 10 పాళ్లకు ఎండితే బరువు సుమారు 28 పాళ్లకు తగ్గుతుంది. ఎండే సమయంలో మందు నశించకుంటే కిలోకు అవశేషం మూడున్నర రెట్లకు పైగా పెరుగుతుంది. 2021 నుండి నల్ల తామర పురుగు ఉద్ధృతితో మిరపపై పిచికారీలు పెరిగిన దశలో ఈ లెక్కను ఉపేక్షించడం రైతుకు నష్టదాయకం.

వరిలో అగ్గితెగులుకు వాడే ట్రైసైక్లజోల్ పరిమితిని ఐరోపా సమాఖ్య 2017లో కిలోకు 1 మిల్లీగ్రాము నుండి 0.01 మిల్లీగ్రాముకు తగ్గించింది. పరిమితులు ఇలా ఒక్కసారిగా మారినప్పుడు, స్థానిక క్షీణత సమాచారం ఉన్న ప్రాంతం తన సిఫార్సును వెంటనే సవరించుకోగలదు. ఆ సమాచారం లేని ప్రాంతానికి మార్పు సంగతి తిరస్కరణ ద్వారానే తెలుస్తుంది. స్వదేశీ వినియోగదారుని ఆరోగ్యానికీ ఇదే సమాచారం రక్షణ.

ఆచరణ మార్గం

ఈ పరికరాల ధర కోట్లలో ఉంటుంది. నిరంతర విద్యుత్తు, శుద్ధ వాయువులు, శిక్షణ పొందిన సిబ్బంది అనివార్యం. ప్రతి పట్టణంలో ఒకటి నెలకొల్పాలనడం అసాధ్యమే కాక, నిరుపయోగం కూడా. అరకొర సిబ్బందితో మూలపడే పరికరం కన్నా హైదరాబాదు, గుంటూరులలోని ప్రయోగశాలలకు నమూనాలు పంపడమే మేలన్న వాదనలో బలమున్నది. కానీ దూరప్రాంత ప్రయోగశాల ఒక సరుకు నాణ్యతను నిర్ధారించగలదే గాని, ఇక్కడి పొలాలలో సంవత్సరాల తరబడి సాగవలసిన క్షీణత అధ్యయనాలను తనంతట తానుగా చేపట్టదు.

కనుక రెండంచెల ఏర్పాటు సముచితం. సుమారు 40 కిలోమీటర్ల దూరంలోని ఆళ్లగడ్డ వంటి కేంద్రాలలో శాస్త్రీయంగా నమూనాలు సేకరించి, ఎలీసా పద్ధతిలో అఫ్లాటాక్సిన్ ప్రాథమిక పరీక్ష జరపాలి. ఇక్రిశాట్ తక్కువ ఖర్చు ఎలీసాను రూపొందించి ఈ మార్గం సుసాధ్యమని నిరూపించింది. అనుమానిత నమూనాల నిర్ధారణ, మిరప, వరి, శనగలపై క్షీణత అధ్యయనాలు నంద్యాల స్థానం కేంద్రంగా జరగాలి. కోతకు రెండు మూడు వారాల ముందు నమూనా తీస్తే, కోతను వాయిదా వేయడానికో, తదుపరి పిచికారి మానడానికో రైతుకు వ్యవధి ఉంటుంది. నివేదిక తెలుగులో ఉండాలి; ఏ మందు, ఎంత, పరిమితి ఎంత, ఎన్ని రోజులు ఆగాలి అన్న నాలుగు విషయాలు అందులో స్పష్టంగా కనిపించాలి.

విశ్వవిద్యాలయం సిఫార్సుచేసే ప్రతి సస్యరక్షణ మందుకూ మోతాదు, ధర తెలిపినట్లే, ఈ నేలలలో కొలిచి నిర్ణయించిన నిరీక్షణ కాలాన్ని కూడా తెలుపవలసి ఉన్నది. అది లేనంతవరకు అవశేషాల బాధ్యతను రైతు ఒక్కనిపైనే మోపడం న్యాయం కాదు.