నంబరు చెప్పండమ్మా!

మా గోపాలపట్నంలో గాజులు కొన్నా, గౌను కొన్నా బిల్లు దగ్గర ఒకటే పాట: "ఫోన్ నంబరు చెప్పండమ్మా!" డబ్బిచ్చి సరుకు తీసుకునేదానికి నంబరెందుకు? చెప్పామో, మర్నాటి నుంచీ స్థలాలవాళ్ళూ, అప్పులవాళ్ళూ, అర్ధరాత్రి ఆకతాయిలూ!

"తప్పు చెయ్యనివాళ్ళకి దాపరికం దేనికి?" అనే మగమహారాజులకి ఒక్కటే ప్రశ్న. మరి స్నానాలగదికి గడియ ఎందుకు పెట్టించారండీ?

ఇచ్చేశాక ఇక అది వాళ్ళదేననుకోవడం శుద్ధ తప్పు. 1986లో ఆంధ్రప్రదేశ్ స్టాంపుల చట్టాన్ని సవరించి, బ్యాంకుల్లో ఉన్న ఖాతాదారుల కాగితాలు కూడా తనిఖీ చేసే అధికారం తెచ్చుకుంది. 2004లో కెనరా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఆ సవరణను కొట్టేసింది. కాగితం బ్యాంకు చేతికి వెళ్ళినంత మాత్రాన మన గోప్యత పోదంది. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చారు. 2023 చట్టం ప్రకారం, వివరాలు ఎందుకడుగుతున్నారో కావాలంటే తెలుగులోనే చెప్పాలి. ఒప్పుకోవడం ఎంత సులువో, వద్దనడమూ అంత సులువుగా ఉండాలి. 2025 నవంబరులో వచ్చిన నిబంధనలు మాత్రం వీటి అమలుకి పద్దెనిమిది నెలల గడువిచ్చాయి.

గడువు వాళ్ళకి గానీ మన నోటికి కాదుగా! "ఎందుకండీ?" అని అడగండి. ఆధార్ జిరాక్సు సరిగా పడకపోతే ఆ కాగితం అక్కడే వదలకండి. నంబరు లేనిదే బిల్లు రాదంటారా? చేత్తో రాసిమ్మనండి!