చీటీ చూసి కొనేవాళ్లూ, చెవి పెట్టి కొనేవాళ్లూ

పాత బియ్యానికీ, పాత స్నేహానికీ మన ఇళ్లల్లో ఉన్న గౌరవం అందరికీ తెలిసిందే. పాత గిటారుకు కూడా అటువంటి గౌరవం ఉన్నదనీ, దానికోసం పాతసామాన్ల దుకాణాల చుట్టూ తిరిగే మనుషులు దేశదేశాల్లోనూ ఉన్నారనీ చెబితే కొందరు నవ్వవచ్చు. మొన్న మా కాలేజీ కుర్రవాడొకడు వచ్చి, "మాస్టారూ, నైలాన్ తీగల గిటారు కొందామనుకుంటున్నాను. నా దగ్గరున్న కాస్త డబ్బుకు కొత్తది కొనమంటారా, పాతది కొనమంటారా?" అని అడిగాడు. తెలుగు పంతుల్ని అడగవలసిన ప్రశ్నేనా ఇది అంటారా? మా ఇంట్లో ఒకటున్నదని వాడికెవరో చెప్పారు. వాడికి చెప్పిన జవాబే మీకూ చెబుతాను.

గిటారు కొనబోయినవాడు మొదట చేసే పని, దాని పొట్టమీది గుండ్రని రంధ్రంలోంచి లోపలికి తొంగిచూడడం. అక్కడ ఒక చీటీ అంటించి ఉంటుంది. చేసినవాడి పేరు, ఊరు, సంవత్సరం అందులో ఉంటాయి. పేరు గొప్పదైతే ధరకు రెక్కలు వస్తాయి. కాని, చీటీ పాడదు గదా!

మరి పాడేదేది? ఈ సంగతి స్పెయిన్ దేశంలో ఆంటోనియో దె టోరెస్ (1817–1892) అనే వడ్రంగి ఏనాడో తేల్చేశాడు. ఈనాటి గిటారు రూపురేఖలు చాలావరకు ఆయన పెట్టినవే. 1862లో ఆయన పైపలకను మాత్రం మంచి స్ప్రూస్ కర్రతో చేసి, వెనక భాగాన్నీ పక్కల్నీ అట్టతో చేశాడు. పైపలక అడుగున విసనకర్ర పుల్లల్లాగా సన్నని బద్దలు అతికించాడు. నాదం పుట్టేది ముఖ్యంగా ఈ పైపలకలోనే అని ఆయన వాదం. ఆ అట్ట గిటారు ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉన్నది.

ఇంకొక కథ. ఆండ్రెస్ సెగోవియా (1893–1987) పేరు మీరు వినే ఉంటారు. కుర్రతనంలో మాడ్రిడ్‌లో కచేరీ చేయవలసి వచ్చింది. చేతిలో తగిన వాయిద్యం లేదు, కొనడానికి డబ్బూ లేదు. మాన్యుయెల్ రామిరెజ్ దుకాణానికి వెళ్లి, కచేరీకి ఒక గిటారు అద్దెకివ్వమన్నాడు. అతని వాయింపు విన్న యజమాని అద్దె మాట పక్కన పెట్టి, గిటారునే ఇచ్చేశాడట. అది 1912లో తయారైనది. ఆ తరువాత సుమారు పాతికేళ్లు సెగోవియా దానితోనే లోకం చుట్టాడు. ఇప్పుడది న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉన్నది. లోపలి చీటీమీద ఉన్నది రామిరెజ్ పేరు. కాని దాన్ని చేసిన చేతులు ఆ దుకాణంలో పనిచేసే సాంతోస్ హెర్నాండెజ్‌వని తెలిసినవారు చెబుతారు. చూశారా, చీటీ కథ!

అటువంటి గొప్ప వాయిద్యాలు మనబోటివాళ్లకు అందవు. అందేవి జపానువి. 1952 నాటి ఒక ఫ్రెంచి సినిమాలో నార్సిసో యెపెస్ అనే స్పెయిన్ విద్వాంసుడు గిటారు వాయించాడు. ఆ సినిమా జపానులో ఎందరినో గిటారుకు దాసుల్ని చేసింది. నేర్చుకునేవాళ్లు పెరిగారు, చేసేవాళ్లూ పెరిగారు. కోనో మసారు (1926–1998) మాడ్రిడ్ వెళ్లి స్పెయిన్ పనితనం చూసివచ్చి, 1967లో బెల్జియంలోని లియేజ్ పోటీలో మొదటి బహుమతి కొట్టాడు. ఆయనవి ఖరీదైనవే. కాని ఆ 60లలోనూ 70లలోనూ నగోయా మొదలైన ఊళ్లల్లో అంతగా పేరులేని కార్ఖానాలు కూడా శ్రద్ధగా గిటార్లు చేశాయి. వాటిలో ఎన్నో ఇంకా పాడుతూనే ఉన్నాయి. కొత్త స్పానిష్ గిటారు ధరలో చిన్న వంతుకే దొరుకుతాయి.

వీటిని ప్రేమించేవాళ్లు ధనికులు కారు. పాఠాలు చెప్పుకునేవాళ్లు, ఉద్యోగం నుంచి ఇంటికి వచ్చి రాత్రి ఒక గంట వాయించుకునేవాళ్లు. వాళ్లు కొనే పద్ధతి వేరు. రంధ్రం అంచున పైపలక మందం చూస్తారు. పైన కనబడే కర్రగీతలు అంచులోకి కూడా దిగితే ఒకే పలక, పొరలు పొరలుగా కనబడితే అతుకుల పలక. మెడను కంటికెదురుగా పెట్టుకుని, బాణం వంకర చూసినట్లు చూస్తారు. తీగలు కట్టే బ్రిడ్జి వెనక పొట్ట ఉబ్బిందేమో తడుముతారు. పన్నెండో మెట్టు దగ్గర తీగ పలక్కు మరీ ఎత్తుగా ఉంటే, బ్రిడ్జిమీది ఎముక ముక్కను అరగదీయడానికి ఇంకా చోటున్నదా అని చూస్తారు. ప్రతి మెట్టుమీదా ప్రతి తీగా మీటి చెవి పెడతారు. చీటీ చదివేది ఆఖరున.

వెనక పలక్కు వాడే రోజ్‌వుడ్‌లో మన జిట్రేగి కూడా ఒకటి సుమండీ! బ్రెజిల్ రోజ్‌వుడ్ అమ్మకాలకు 1992లో అంతర్జాతీయ ఒప్పందం గట్టిగా పగ్గాలు వేసింది. అప్పటినుంచి మన కర్రకు గిరాకీ మరీ పెరిగింది.

ఇక మా ఇంట్లో గిటారు సంగతి. నేను విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో మా పక్కవాటాలో ఒక పెద్దాయన ఉండేవారు. ఓడల్లో ఇంజనీరుగా చేసి రిటైరైనవారు. వీధివారంతా "చీఫ్‌గారూ" అనేవాళ్లం. 1972లో ఓడ కోబె రేవులో ఆగినప్పుడు ఆయనొక గిటారు కొనుక్కున్నారు. చీటీ సగం చిరిగింది, నగోయా అనే మాట ఒక్కటే మిగిలింది. సాయంత్రాలు నాకు నేర్పేవారు.

ఒకసారి ఊరికి వెళ్తూ గిటారు నాకు అప్పగించి వెళ్లారు. ఒక తీగ తెగింది. బజారంతా తిరిగినా నైలాన్ తీగలు దొరకలేదు. ఉక్కు తీగలు దొరికాయి. "తీగ తీగే గదా!" అనుకుని ఆరూ అవే బిగించాను. నైలాన్ తీగలు ఆరూ కలిసి లాగే బలం సుమారు 40 కిలోలు, ఉక్కువైతే 70 పైచిలుకు. ఈ లెక్క నాకప్పుడు తెలియదు. తెల్లవారుజామున ఢామ్మని చప్పుడైంది. దీపం వేసి చూస్తే బ్రిడ్జి ఊడి, పైపలక పేళ్లతో సహా లేచి వచ్చింది. టోరెస్ ప్రాణం ఎక్కడున్నదన్నాడో, సరిగ్గా అక్కడే పొడిచాను.

చీఫ్‌గారు వచ్చేదాకా నాలుగు రోజులు నాకు అన్నం సయించలేదు. ఆయన వచ్చి చూశారు. ఒక్క మాట అనలేదు. జిగురు కాచారు, పేళ్లను ఒక్కొక్కటిగా వాటి చోట్లో కూర్చారు, బిగింపులు వేసి మూడు రోజులు ముట్టుకోవద్దన్నారు. నాలుగో రోజున నైలాన్ తీగలు కట్టి శ్రుతి చేశారు. పలికింది!

నేను కళ్లు తుడుచుకుంటుంటే, "ఏడవకు బాబూ. మచ్చ పడింది గనక ఇక దీన్నెవరూ కొనరు. నువ్వు తీసుకో. భయం తీరింది గదా, హాయిగా వాయించుకో" అన్నారు. డబ్బెంతని అడిగితే, కొత్త తీగల ఖరీదు మాత్రం ఇమ్మన్నారు.

ఆయన ఇప్పుడు లేరు. మచ్చ ఉన్నది, నాదమూ ఉన్నది. ఈ కథంతా విని మా కుర్రవాడు, "అయితే పాతదే కొంటాను మాస్టారూ" అన్నాడు. "కొను నాయనా. తీగలు మాత్రం నన్నడిగి కట్టు" అన్నాను.