ఆ కుర్చీ అందరిదీ కాదు

"సెలూన్ అంటేనే అందరిదీ కదా! మళ్ళీ 'అందర్నీ కలుపుకుపోయే సెలూన్' అని వేరే ఒకటా? అందులో బొమ్మలూ పాటలూనా?" మా పలాస-కాశీబుగ్గలో, ఎవరొచ్చినా కుర్చీ వేసే, గోడల మీద బొమ్మలూ లోపల పాటలూ ఉండే సెలూన్ ఒకటి పెడదామని ఊసెత్తితే బాగా చదువుకున్నవాళ్ళు కూడా ఇలాగే కొట్టిపారేస్తారు. జ్ఞాపకాల వ్యాసాలు రాసేవాళ్ళు దీనికి ఇంకాస్త నగిషీ చెక్కుతారు. ఎదురెదురు అద్దాలు, రేడియో పాట, పది చేతులు మారి నలిగిన దినపత్రిక, దాని మీద ఎడతెగని రాజకీయం. ఊరి ప్రజాస్వామ్యం ఆ షాపు బల్ల మీదే పుట్టిందంటారు. అద్దాలు నిజం, పత్రికా నిజం. ఆ బల్ల మీద కూర్చోనివ్వనిది ఎవరెవరిని అన్న లెక్క మాత్రం ఏ వ్యాసంలోనూ ఉండదు.

షాపులు రాకముందు నాయీ బ్రాహ్మణుడు పొది చంకన పెట్టుకుని రైతుల అరుగుల మీదికే వెళ్ళేవాడు. అతనికి ముట్టేది డబ్బు కాదు, కళ్ళం నాడు కొలిచే మేర. దళితవాడలో గడ్డం గీసొచ్చాడని తెలిస్తే ఆ మేరకు ఎసరొచ్చేది. అందుకే తప్పంతా కత్తి పట్టినవాడిదే అంటే నేనొప్పుకోను. ఆ కత్తి ఎవరి మీద ఆడాలో, ఎవరి మీద ఆడకూడదో తేల్చింది గాదె ఉన్నవాడు. తరవాత షాపొచ్చింది, నోటొచ్చింది, నోటుకు కులం లేదన్నారు. అయినా నీ కత్తెర వేరు, నీ తువ్వాలు వేరు, అసలివాళ సెలవు అనే జవాబులు తెలుగు పల్లెల్లో ఈ శతాబ్దంలోనూ విన్నాం.

ఈ సంగతి రాజ్యాంగం రాసినవాళ్ళకు తెలుసు. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో, దుకాణాల్లో వివక్ష కూడదన్న నిబంధన సరుకులమ్మే కొట్లకేనా అన్న ప్రశ్న వచ్చింది. సేవ చేస్తానని కూర్చున్న ప్రతివాడూ దాని కిందికి వస్తాడని, గుమ్మం దాటనిస్తే సరిపోదని, ధర కుదిరాక పని చేసిపెట్టాల్సిందేనని అంబేడ్కర్ వివరించారు. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టం అంటరానితనం పేరుతో సేవ నిరాకరించడాన్ని శిక్షించదగ్గ నేరం చేసింది. ఆ కుర్చీ మొదట్నుంచీ అందరిదే అయితే పార్లమెంటుకు ఆ శ్రమ దేనికి?

కులం ఒక్కటే కాదు. పలాస బతికేది జీడితో. పిక్కలు కొట్టి, పొట్టు తీసి, గుండూ బద్దా వేరుచేసే పనిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. పెంకులోని జీడి వేళ్ళ చర్మాన్ని తినేసి నల్లమచ్చలు మిగుల్చుతుంది. సెలూన్ మగవాళ్ళది, బ్యూటీ పార్లర్ పెళ్ళికూతుళ్ళదీ ఉద్యోగస్తులదీ. షిఫ్టు దిగిన కార్మికురాలు ఓ అరగంట కూర్చుని గోళ్ళు శుభ్రం చేయించుకుని, జుట్టు కత్తిరించుకుని, ఎవరో పాడుతుంటే వినే చోటు ఈ ఊళ్ళో ఏదో చూపించండి. ట్రాన్స్‌జెండర్లకు సేవ నిరాకరించకూడదని 2019 చట్టం చెబుతోంది. వాళ్ళు తలుపు తీస్తే లోపలి కబుర్లు ఎందుకు ఆగిపోతాయో చట్టం చెప్పలేదు.

ఇక రెండో దెబ్బలాట. కళ ఎక్కడ, క్షవరం ఎక్కడ, ఇదంతా హైదరాబాదు సరదా అంటారు. ఇది మరీ విడ్డూరం. పొద్దున్న గడ్డాలు గీసిన చేతులే సాయంత్రం సన్నాయి పట్టిన నేల మనది. వాళ్ళు ఊదనిదే తాళి పడదు, విస్తరి మాత్రం చివరి బంతిలో. కళను షాపుల్లోంచీ వీధిలోంచీ తీసి ఆడిటోరియంలో పెట్టడమే బయటినుంచి వచ్చిన అలవాటు. బొడ్డపాడు గుడి పూజారి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను ఊరూరా జనం మధ్యకు తీసుకెళ్ళారు, టిక్కెట్టు పెట్టి హాల్లో చెప్పలేదు. ఆ కథలకు భయపడ్డ రాజ్యం 1969 డిసెంబరులో ఆయన్ని చంపింది. 2020లో కరుణ కుమార్ తీసిన 'పలాస 1978' సినిమాలో అన్నదమ్ములు జానపద కళాకారుల ఇంటి బిడ్డలే. ఆ సినిమా పాటకు చిందేసిన ఊరు, అలాంటి కళాకారులు రిహార్సల్ చేసుకోవడానికి ఒక గది ఇమ్మంటే హైదరాబాదును గుర్తుచేస్తుంది!

ఆ సెలూన్ గోడల సంగతీ చెప్పాలి. సవర గిరిజనుల బొమ్మలు ఫోనులో దొరికాయి కదా అని ఫ్లెక్సీ వేయించి అంటించడం కళకు చోటివ్వడం కాదు. ఆ బొమ్మ వాళ్ళ ఇళ్ళల్లో దేవతల కోసం వేసేది. మన్యం నుంచి వేసేవాళ్ళని పిలవాలి, ఏది వేయొచ్చో వాళ్ళనే చెప్పనివ్వాలి, కూలి ఇవ్వాలి.

ఇలాంటి చోటు నడవదన్నవాళ్ళు తూత్తుకుడి చూడాలి. అక్కడ పొన్ మారియప్పన్ అనే క్షురకుడు తన షాపులోనే లైబ్రరీ పెట్టారు, 2020లో ప్రధాని రేడియోలో ఆయనతో మాట్లాడారు కూడా. నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది లాస్ ఏంజెలిస్. అక్కడి 52 నల్లజాతి క్షౌరశాలల్లో 319 మంది మగవాళ్ళతో జరిగిన అధ్యయనం 2018లో వచ్చింది. ఫార్మసిస్టులు షాపుకే వచ్చి బీపీ మందులిచ్చిన చోట పై అంకె ఆరు నెలల్లో సగటున 27 పాయింట్లు తగ్గింది. డాక్టరు దగ్గరికి వెళ్ళమని క్షురకుడు చెప్పి ఊరుకున్న చోట తగ్గింది 9. కిడ్నీ జబ్బు ఇంటింటి మాటైన మన ఉద్దానంలో ఇది సరదా కబురు కాదు. కానీ కుర్చీ ఎక్కనివాడి చేతికి బీపీ పట్టీ ఎవరు చుడతారు? అక్కడి లెక్కలో ఆడవాళ్ళు లేరు, ఇక్కడ వాళ్ళని వదిలేస్తే పొలంలో వంగిన మనుషుల్లో సగం పోతారు. డయాలిసిస్ మీద ఉన్నవాళ్ళకైతే తలకో కొత్త బ్లేడు మర్యాద కాదు, రక్తంతో పాకే కామెర్ల నుంచి రక్షణ.

అలాగని ఉచితం అంటే నేను కాదంటాను. ధర బోర్డు మీద రాయాలి, అందరికీ ఒకటే ఉండాలి. ఉచితం పేరుతో కొందర్ని వేరే వరసలో నిలబెట్టడం పాత అలవాటే.

గిరాకీ పోదా అంటారు. కొంత పోతుంది, దాచడమెందుకు? ఆ నష్టం కత్తెర పట్టినవాడొక్కడే మోయాలనడం మాత్రం అన్యాయం. మాస్టార్లూ, బ్యాంకు ఉద్యోగులూ, యూనియన్ నాయకులూ తమ క్షవరం అక్కడికి మార్చుకోవాలి. అద్దె ఇంకో చిక్కు. ఎవరెవరొస్తారని అడిగి గదులిచ్చే యజమానులున్నంత కాలం ప్రైవేటు భవనం నమ్మకానికి పనికిరాదు. పలాస-కాశీబుగ్గ మునిసిపాలిటీ దుకాణాలు వేలం వేసేటప్పుడు ఒక గదిని పక్కన పెట్టి, దాన్ని నాయీ బ్రాహ్మణ, జీడి కార్మిక సంఘాలకు ఉమ్మడిగా ఇవ్వమనండి. కౌన్సిల్‌లో ఎవరు కాదంటారో, ఏ కారణం చెబుతారో మినిట్స్‌లో రాయించండి.