రసీదు అడుగున ఉన్న గీతలు ఎవరి కోసం?

బందరు కోనేరు సెంటరులో గాని, గుడివాడలోని ఏదైనా పెద్ద దుకాణంలో గాని నెల సరుకులు కొని గల్లా వద్ద డబ్బు చెల్లించగానే మన చేతికొక పొడుగాటి కాగితం వస్తుంది. పైన దుకాణం పేరు, దాని కింద పదిహేను అక్షరాల సంఖ్య, మధ్యలో సరుకుల వరుస, ఒక్కొక్క సరుకు పక్కన మరొక సంఖ్య, అన్నింటికీ అడుగున నల్లని నిలువు గీతలు ఉంటాయి. మొత్తం ఎంతయిందో చూసుకుని, మిగిలినదంతా దుకాణం వారి వ్యవహారమని భావించి ఆ కాగితాన్ని సంచిలోనే వదిలేసే ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ భావనలో సగమే నిజం. అడుగున ఉన్న గీతలు దుకాణం కోసమే. కాని వాటి పైనున్న సంఖ్యలలో కొన్ని కొనుగోలుదారు కోసం చట్టం వేయించినవి.

ముందుగా రెండు రకాల గీతలను వేరు చేసి చూడాలి. సబ్బు మీద, బిస్కట్ల ప్యాకెట్టు మీద ఉండేవి ఆ వస్తువును గుర్తించే గీతలు. వాటి కింద సాధారణంగా పదమూడు అంకెలుంటాయి. వాటిలో ధర ఉండదు. ధర దుకాణం కంప్యూటరులో ఉంటుంది. గీతలు చదవగానే యంత్రం ఆ ధరను వెతికి తెచ్చి బిల్లులో వేస్తుంది. కంప్యూటరులో పాత ధర మార్చకపోతే బిల్లులోనూ పాత ధరే పడుతుంది. బీరువా మీద అంటించిన తగ్గింపు ధర బిల్లులో కనిపించకపోవడానికి తరచుగా ఇదే కారణం. ప్యాకెట్టు మీది గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి గనుక దానికి మించి ఒక్క రూపాయి వేసినా ప్రశ్నించే హక్కు మనకున్నది.

రసీదు అడుగున ఉండే గీతలు వేరు. సాధారణంగా వాటిలో దాగి ఉండేది ఆ బిల్లు సంఖ్య. కొన్ని చోట్ల దుకాణం శాఖ, గల్లా, తేదీ కూడా అంకెల రూపంలో చేరుతాయి. వస్తువు వాపసు ఇవ్వడానికో, మార్చుకోవడానికో వెళ్లినపుడు గుమాస్తా ఆ గీతలను చదివిస్తే ఆనాటి బిల్లు మొత్తం తెర మీదికి వస్తుంది. అంతకు మించిన రహస్యం అందులో లేదు.

సరుకు మీద గుర్తు వేయడం మన బందరుకు కొత్తది కాదు. 1611లో ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ ఇక్కడ వర్తక స్థావరం నెలకొల్పింది. ఆ కాలపు వర్తకులు సముద్రం మీద పంపే మూటలపై తమ వ్యాపార ముద్ర వేసేవారు. అక్షరాలు రాని కూలీ కూడా ఆ ముద్ర చూసి ఏ మూట ఎవరిదో చెప్పగలిగేవాడు. నేటి గీతలు యంత్రం చదివే ముద్రలు. వాటిని ఊహించిన అమెరికన్ జోసెఫ్ వుడ్‌ల్యాండ్ సముద్రతీరాన ఇసుకలో వేళ్లతో చారలు గీస్తూ ఆ ఆలోచనకు వచ్చాడంటారు. మంగినపూడి ఇసుకలో మన పిల్లలూ అలాంటి గీతలే గీస్తారు! 1974 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో ఒక దుకాణపు గల్లా వద్ద చూయింగ్ గమ్ ప్యాకెట్టు మీది గీతలను యంత్రం చదివింది. చిల్లర దుకాణాలలో ఈ పద్ధతి ఆనాటి నుంచే మొదలైంది.

ఈ అంకెల గురించి మన ఇళ్లలోని ఫోన్లలో తిరిగే సందేశాలు కొన్ని ఉన్నాయి. మొదటి మూడంకెలు చూస్తే వస్తువు ఏ దేశంలో తయారైందో, అది హలాలో కాదో తెలిసిపోతుందని వాటి సారాంశం. రెండూ తప్పే. 890తో మొదలైతే ఆ సంఖ్యను పొందిన కంపెనీ భారతదేశపు సంస్థ వద్ద నమోదైనదని మాత్రమే అర్థం. వస్తువు ఎక్కడైనా తయారై ఉండవచ్చు. ఇక హలాల్ విషయం గీతలలో ఉండనే ఉండదు. దానికి పదార్థాల జాబితానే చదవాలి. ఐ.ఎన్.ఎస్. 120 అంటే పురుగుల నుంచి తీసే ఎర్ర రంగు. 471 అనేది మొక్కల నూనె నుంచీ రావచ్చు, జంతువుల కొవ్వు నుంచీ రావచ్చు. మాంసాహార చిహ్నం ఏ జంతువో చెప్పదు. ఇంత పని గీతలు చేసిపెడతాయని నమ్మి జాబితా చదవడం మానుకోవడమే ఆ సందేశాల వల్ల జరిగే నష్టం.

విడిగా తూచి ఇచ్చే కందిపప్పు, ఖర్జూరం పొట్లాల మీద అంటించే చీటీని కూడా గమనించాలి. అక్కడి సంఖ్య సాధారణంగా 2తో మొదలవుతుంది. అది ఆ దుకాణం తన వాడకానికి తయారు చేసుకున్న సంఖ్య; ఈ ఒక్క రకంలో మాత్రం బరువో ధరో గీతల లోపలే ఇమిడి ఉంటుంది. తూకం దగ్గర పొరపాటు జరిగితే గల్లా దానిని కనిపెట్టదు, మన వంటింటి తక్కెడే కనిపెట్టాలి.

బిల్లు పైభాగంలోని పదిహేను అక్షరాలు దుకాణదారు జీఎస్టీ నమోదు సంఖ్య. మొదటి రెండంకెలు రాష్ట్రానివి: మనకు 37, తెలంగాణకు 36. తరువాతి పది ఆ వ్యాపారి పాన్ సంఖ్య. జీఎస్టీ వెబ్‌సైటులో ఆ సంఖ్య వేస్తే దుకాణం పేరు, నమోదు రకం ఉచితంగా కనిపిస్తాయి. కాంపోజిషన్ పద్ధతిలో నమోదైన చిన్న వ్యాపారికి మన నుంచి విడిగా పన్ను వసూలు చేసే అధికారం లేదు. ఆ మాట తన బిల్లు మీద అతడే ముద్రించాలి. అలాంటి కొట్టులో బిల్లు చివర పన్ను కలిపి ఉంటే అది చెల్లించవలసిన సొమ్ము కాదు. సరుకు పక్కన ఉండే చిన్న సంఖ్య ఆ వస్తువు పన్ను వర్గాన్ని తెలుపుతుంది: 3401 సబ్బు, 3305 తలనూనె, 3306 పళ్ల పేస్టు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఒంటి సబ్బు, తలనూనె, పళ్ల పేస్టులపై పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో ఆ సంఖ్యల ఎదుట రెండున్నర చొప్పున రెండు సార్లు ఉన్నదో లేదో చూస్తే చాలు. హోటలు, మిఠాయి దుకాణాల బిల్లుపై పద్నాలుగంకెల ఆహార లైసెన్సు సంఖ్య ఉండాలన్న నిబంధన 2022 జనవరి 1 నుంచి అమలులో ఉన్నది. బందరు లడ్డూ కొన్నపుడు రుచితో పాటు దానినీ చూడవచ్చు.

పెళ్లి నగల విషయంలో మాత్రం బిల్లు ఒక్కటే చాలదు. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్కు బంగారు నగపై ఆరు అక్షరాల ప్రత్యేక సంఖ్య చెక్కి ఉండాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో దానిని వేసి, వచ్చిన వివరాలను బిల్లులోని స్వచ్ఛతతో పోల్చుకోవాలి. చిలకలపూడి గిల్టు నగకు ఆ సంఖ్య ఉండదు, ఉండనవసరమూ లేదు.

దివిసీమకు వెళితే రసీదు విలువ ఇంకా పెరుగుతుంది. ఆధార్ వేలిముద్రతో ఎరువులు అమ్మే పద్ధతిని మొదట ప్రయోగించి చూసిన జిల్లాలలో కృష్ణా ఒకటి. 2018 మార్చి నాటికి అది దేశమంతటా అమలైంది. నాగాయలంకలోనో కోడూరులోనో రైతు యూరియా కొన్నపుడు యంత్రం నుంచి వచ్చే చీటీ కేవలం అతని లెక్క కాదు. అక్కడ నమోదైన సంచుల ప్రకారమే ప్రభుత్వం కంపెనీకి సబ్సిడీ చెల్లిస్తుంది. 45 కిలోల వేపపూత యూరియా సంచి ధర 266 రూపాయల 50 పైసలు. మూడు సంచులు తీసుకున్న కౌలు రైతు వేలిముద్రపై ఐదు నమోదైతే, మిగిలిన రెండు సంచులు వేరే దారి పడతాయి. కాగితంపై మాత్రం అవి అతని పేరే మోస్తాయి. చీటీ తీసుకుని అక్కడే సంచులు లెక్క చూసుకోవడం తప్ప దీనిని పట్టుకునే మార్గం అతనికి లేదు. యూరియాతో పాటు లింకు సరుకు అంటగడితే దానికి విడిగా బిల్లు అడగాలి. బిల్లు ఇవ్వరంటే ఆ సరుకు అక్కర లేదని చెప్పే బలం అప్పుడే వస్తుంది.

బాకీ వ్యవహారాన్ని వ్రాసి ఉంచుకోమని అల్ బఖరా సూరా 282వ ఆయత్ ఆదేశిస్తుంది. అప్పటికప్పుడు చేతులు మారే వ్యాపారం వ్రాయకపోయినా దోషం లేదంటుంది, కాని క్రయవిక్రయాలకు సాక్షులుండాలంటుంది. నేడు రొక్కం చెల్లించి కొన్న మిక్సీకి, ఫ్యానుకు రెండేళ్ల గ్యారంటీ ఉన్నపుడు ఆ వ్యాపారం చేతులు మారగానే ముగిసిందా? దుకాణదారు మాట రెండేళ్లు బాకీగానే ఉన్నది. గల్లా వద్ద మనతో సాక్షులు నిలబడరు గనుక ఆ పని కాగితమే చేయాలి.

ఆ సాక్షికి ఆయుష్షు తక్కువ. నేటి రసీదులు చాలావరకు సిరాతో అచ్చు వేసినవి కావు. వేడికి నల్లబడే పూత ఉన్న కాగితం మీదివి. మన తీరపు ఎండకు, ఉక్కకు, నూనె చేతులకు కొన్ని నెలలలోనే తెల్లబడిపోతాయి. ప్లాస్టిక్ కవరులో దాచడం కూడా మంచిది కాదు. గ్యారంటీ ఉన్న ప్రతి బిల్లును కొన్న రోజే జిరాక్సు తీయించాలి లేదా స్పష్టంగా ఫోటో తీసుకోవాలి. అడుగున ఉన్న గీతలు, బిల్లు సంఖ్య తెగిపోకుండా చూడాలి. ఆ పూతలో వాడే కొన్ని రసాయనాలు మంచివి కావు గనుక పసిపిల్లలను ఆ కాగితం నోట పెట్టుకోనివ్వరాదు. బిల్లు కోసం ఫోను నంబరు ఇచ్చి తీరాలనడం కూడా సరికాదు. దుకాణాలు అలా పట్టుబట్టరాదని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖ సూచించింది.

రెండు వందల లోపు సరుకుకు జీఎస్టీ బిల్లు ఇవ్వకపోవచ్చు, కాని మనం అడిగితే ఇవ్వవలసిందే. అడిగినా ఇవ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. ముందుగా 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అక్కడ తేలకపోతే మచిలీపట్నంలోని జిల్లా వినియోగదారుల కమిషను ఉన్నది. కొన్నది విజయవాడలోనైనా, హైదరాబాదులోనైనా గుడివాడ, అవనిగడ్డ వాసులు తమ నివాసాన్ని బట్టి ఇక్కడే ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన సొమ్ము ఐదు లక్షల లోపైతే రుసుము లేదు. గడువు రెండేళ్లు. ఫిర్యాదుతో బిల్లు నకలు జతపరచి, అసలును ఇంట్లోనే ఉంచుకోవాలి.