డేగ కాలికి కట్టు

డేగ అనగానే ఉర్దూ చదివిన విద్యార్థులకు ఇక్బాల్ కవితలోని షాహీన్ స్ఫురిస్తుంది. తెలుగు చరిత్ర చదివినవారికి సాళువ వంశము జ్ఞప్తికి వస్తుంది. సాళువ అనగా వేటడేగ. ఒకటి స్వేచ్ఛకు చిహ్నము, రెండవది శౌర్యానికి. అయితే మనిషి పెంచిన ప్రతి వేటడేగ కాలికీ ఒక కట్టు ఉంటుందని మనము తరచు మరచిపోతాము. ఆ కట్టు ఎట్టిదై ఉండవలెననే విషయమై మా అభిప్రాయమును ఇక్కడ నివేదిస్తున్నాము.

మన దేశములో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము డేగలను పట్టుటను నిషేధించినది. కనుక ఇది డేగలను పెంచుమని చెప్పే వ్యాసము కాదు. కాని మనవారెందరో జీవనోపాధికై వెళ్లిన గల్ఫ్ దేశాలలో ఈ విద్య నేటికీ సజీవముగా ఉన్నది. అబూదాబీలో డేగలకు ప్రత్యేకముగా ఒక ఆసుపత్రిని 1999లో నెలకొల్పారు. 2010లో యునెస్కో 11 దేశాల డేగవేటను మానవజాతి వారసత్వ సంపదగా గుర్తించినది. ఇట్టి గౌరవము పొందిన విద్య పక్షి క్షేమము విషయములో ఏమరుపాటు చూపరాదు.

డేగ రెండు కాళ్లకూ చెరియొక తోలుపట్టె కడతారు. ఆంగ్లేయులు దీనిని జెస్ అన్నారు. అరబ్బులు అల్లిన తాడుతో చేసి సుబూఖ్ అన్నారు. పట్టెల కొనలను స్వివెల్ అనే తిరుగుడు కడియానికి తగిలించి, దానికి పొడుగు తాడు కడతారు. పాతకాలపు తోలుపట్టె కొనలో ఒక చీలిక ఉండేది. పక్షిని ఎగురవేయునపుడు కడియమునూ తాడునూ తీసివేసినా, పట్టె కాలినే ఉండేది. ఆ చీలిక ముళ్లకొమ్మకు తగులుకొంటే డేగ తలక్రిందులుగా వ్రేలాడవలసినదే. యజమాని సకాలములో చేరకపోతే దానికి చావు తప్పదు.

ఈ ప్రమాదమును తగ్గించుటకు గై ఐల్మర్ అనే ఆంగ్లేయుడు మరొక పద్ధతిని కనిపెట్టినాడు. కాలి చుట్టూ మెత్తని తోలుకట్టు, దానికి ఇత్తడి కన్ను, ఆ కంటిలో నుండి దూర్చి తీయదగిన పట్టె — ఇదే ఆయన పేరిట ఐల్మరీగా ప్రసిద్ధి. ఎగురవేయునపుడు చీలిక గల పట్టెను తీసి, చీలిక లేనిదానిని వేయవచ్చును. పూర్వుల పద్ధతిని మార్చరాదనే పెద్దలు కొందరుంటారు. వారి అనుభవమును గౌరవిస్తాము. కాని పక్షి ప్రాణమును కాపాడే మార్పు సంప్రదాయానికి ద్రోహము కాదని మా విశ్వాసము.

పరికరము మంచిదైనంత మాత్రాన చాలదు. కట్టు బిగుతైతే కాలు వాచును. వదులైతే పాదము మీదికి జారును. అది కాలి చుట్టూ సులువుగా తిరుగవలెను. ఇత్తడి కంటి అంచు గీసుకొనరాదు. తోలు ఎండి పగులకుండ నూనె రాయవలెను. పీఠము వద్ద తాడు పొడుగైతే, డేగ వేగముగా ఎగిరి ఒక్కసారిగా ఆగినపుడు కాలి ఎముక విరుగవచ్చును. వీటిని ప్రతిదినము చేతితో తాకి పరీక్షించవలెను.

మా దృష్టిలో అసలు పరీక్ష వేరొకటి ఉన్నది. ఈ పక్షి నేడు తిరిగి రాకపోతే ఏమగును? కడియముతో, తాడుతో సహా ఎగిరిపోయిన డేగ ఏదో ఒక చెట్టుకు చిక్కుకొనక మానదు. తోలు కాలక్రమాన చివికి ఊడిపోవచ్చును. నైలాను అట్లు చివుకదు. ముంజేతి మీద కూర్చున్న పక్షికి అందముగా ఉన్నదా అని కాక, తప్పిపోయిన పక్షిని బ్రతుకనిచ్చునా అని చూచి పరికరమును ఎన్నుకొనవలెను.

విద్యార్థి మిత్రులారా! ఈ మాట డేగలను పెంచేవారికే పరిమితము కాదు. సంక్రాంతికి మనము ఎగురవేసే గాలిపటాల నైలాను మాంజా చెట్లపై మిగిలిపోయి, గ్రద్దల రెక్కలకూ కాళ్లకూ చుట్టుకొంటున్నది. దానిని 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ నిషేధించినది. వచ్చే సంక్రాంతికి మన కళాశాల ఆవరణలో నూలుదారము తప్ప వేరొకటి కనబడకుండ చూడవలసినదిగా కళాశాల సంఘమువారిని సవినయముగా కోరుతున్నాము. దారము మన చేతిలో ఉన్నంతసేపే ఆట. చేయి దాటిన తరువాత కూడా దాని బాధ్యత మనదే.