వాళ్ల దివాలా, మన బాకీ

దివాలా కూడా ఈ దేశంలో కులం చూసే వస్తుంది. మాదిగోడు అప్పు కట్టలేకపోతే వాడు ఎగవేతదారు. కంపెనీ దొర కట్టలేకపోతే అది 'స్ట్రెస్డ్ అసెట్'. మాదిగోడి గుడిసె ముందు అప్పిచ్చినోడు తెల్లారక ముందే వచ్చి కూర్చుంటాడు. కంపెనీ గడపకు చట్టమే కావలి కాస్తుంది. 2016 దివాలా చట్టం 14వ సెక్షన్ ప్రకారం, కేసు స్వీకరించిన రోజు నుంచి ఆ కంపెనీ మీద దావా వెయ్యకూడదు, ఆస్తి గుంజుకోకూడదు. దీని పేరు మారటోరియం. మా తాతకు ఈ మాట ఎవరూ చెప్పలేదు. ఒక పెళ్లి అప్పు కింద దొర దగ్గర పన్నెండేండ్లు జీతమున్నడు.

ఈ చట్టం మీద ఒక కొత్త నల్లకోటు వర్గం తయారైంది. కార్పొరేట్ దివాలా లాయర్లు. మునిగిన కంపెనీ ఎవరి చేతికి పోవాలి, ఎవరి బాకీ ఎంత కొయ్యాలి అని హైదరాబాద్‌లో నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ ముందు వాదించేది వీళ్లే. బ్యాంకు తరఫున ఒకరు, కొనేవాడి తరఫున ఒకరు, పాత యజమాని తరఫున ఇంకొకరు. కూలి తరఫున ఎవరు?

ఆ కోర్టు భాష వినండి. బ్యాంకు వదులుకునే బాకీని 'హెయిర్‌కట్' అంటారు. నా చిన్నప్పుడు మా వాడ తలలు ముట్టొద్దని మంగలికి ఊరు కట్టడి పెట్టింది. మా పెదనాయనే చింతచెట్టు కింద అందరికీ గొరిగేటోడు. కంపెనీలకు మాత్రం కోర్టులోనే క్షవరం జరుగుతుంది. ఈ చట్టం కింద దేశంలో మొదట ఆమోదం పొందిన పరిష్కార ప్రణాళిక విశాఖపట్నం సినర్జీస్ డూరే కంపెనీది. 2017 ఆగస్టులో హైదరాబాద్ బెంచి ఒప్పుకుంది. సుమారు 972 కోట్ల బాకీకి 54 కోట్లు. నూటికి తొంభై నాలుగు గొరిగేశారు! అదే నా పదో తరగతి పిల్లవాడి తల్లి సంఘంలో తీసుకున్న అప్పుకు ఒక్క కిస్తీ తప్పితే బజారున పడుతుంది.

ఇంకో మాట 'వాటర్‌ఫాల్'. కంపెనీని అమ్మగా వచ్చిన డబ్బు ఎవరికి ముందు, ఎవరికి వెనుక అని చెప్పే 53వ సెక్షన్ వరుస. మొదట ప్రక్రియ ఖర్చులు, అంటే నిపుణుల ఫీజులు కూడా. తర్వాత తాకట్టు వదులుకున్న బ్యాంకులతో సమానంగా కార్మికుల 24 నెలల బకాయి. అంతకంటే పాత కూలి కిందికి జారిపోతుంది. కాంట్రాక్టు కూలీ పేరు చాలాసార్లు కంపెనీ పుస్తకంలోనే ఉండదు. బావి గట్టు ఎక్కనివ్వక, పైనుంచి పోస్తే దోసిలి పట్టిన వాళ్లం మనం. వాటర్‌ఫాల్ అంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా?

ఇదే చట్టంలో పేదోడికీ ఒక అధ్యాయం రాశారు, 'ఫ్రెష్ స్టార్ట్' అని. ఏడాది ఆదాయం 60 వేలు, ఆస్తి 20 వేలు, అప్పు 35 వేలు దాటనివాడు, సొంత ఇల్లు లేనివాడు అప్పు మాఫీ అడగొచ్చు. 2019 డిసెంబర్‌లో వ్యక్తుల దివాలా భాగాన్ని అమల్లోకి తెచ్చినప్పుడు కంపెనీ అప్పులకు పూచీ పడ్డవాళ్ల ముక్క ఒక్కటే తెచ్చారు. పేదోడి ముక్క కాగితం మీదే ఉంచారు.

బోధన్ నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతపడింది. 2019లో ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. చెరుకు కొట్టిన చేతులకు, గానుగ నడిపిన చేతులకు ఆ ఆర్డరు ఏ భాషలో చేరింది? దివాలా ప్రక్రియ మొదలైతే క్లెయిమ్ పెట్టడానికి మొదటి గడువు 14 రోజులు. ప్రకటన పేపర్లో వస్తుంది. పేపరు కొనలేనివాడి గతేమిటి?

నా దగ్గర చదివిన పిల్లవాడొకడు లా పూర్తి చేసి హైదరాబాద్‌లో ఇట్లాంటి ఒక సంస్థకు పోయిండు. 'మీ నాన్న ఏం చేస్తారు? ఏ సీనియర్ చాంబర్ నుంచి వచ్చావు?' అని రెండే ప్రశ్నలు. చివర 'నీకు లేబర్ కోర్టు బాగుంటుంది' అన్నారట. ప్రైవేటు చాంబర్లలో రిజర్వేషన్ లేదు. అక్కడ ఇంటిపేరే మెరిట్. జూనియర్‌గా ఐదేండ్లు అరాకొరా డబ్బుతో బతకాలంటే నగరంలో తండ్రి ఇల్లుండాలి.

'అది పెట్టుబడిదారుల కోర్టు, మనకెందుకు?' అంటున్న మిత్రులకు నాది ఒకటే ప్రశ్న. మన చెమట లెక్క తేలుతున్నది అక్కడే కదా? 2022 అక్టోబర్‌లో అప్పిలేట్ ట్రిబ్యునల్ జెట్ ఎయిర్‌వేస్ ఉద్యోగుల పి.ఎఫ్., గ్రాట్యుటీ పూర్తిగా కట్టాలని తీర్పు చెప్పింది. వాళ్ల తరఫున నిలబడి వాదించినవాళ్లుంటేనే అది వచ్చింది. అంబేద్కర్ బారిస్టరే కాదు, 1923లోనే రూపాయి సమస్య మీద పుస్తకం అచ్చేసిన ఆర్థికవేత్త. పైసల శాస్త్రం వాళ్లకు వదిలెయ్యమని ఆయన మనకు చెప్పలేదు. కారంచేడు నెత్తుటికి న్యాయం అడగడానికి బొజ్జా తారకం ఉన్నారు. మూతపడ్డ మిల్లు కూలి అడగడానికి కూడా మనవాడు కావాలి.

అందుకే లా చదివే తమ్ముళ్లకు, చెల్లెండ్లకు చెబుతున్నా. అట్రాసిటీ చట్టంతో పాటు 53వ సెక్షన్‌నూ కంఠస్థం చెయ్యండి. బ్యాలెన్స్ షీటు చదవడం నేర్చుకోండి. పదేండ్ల ప్రాక్టీసు ఉంటే పరీక్ష రాసి దివాలా నిపుణులుగానూ నమోదు కావచ్చు, ఆ కుర్చీనీ విడవొద్దు. సంఘాల్లారా, కాలేజీ ఫీజుతో ఆగకండి, జూనియర్‌గా ఉన్న ఆ ఐదేండ్లూ వాళ్లకు అన్నం పెట్టండి. పైనుంచి ఎంత పొయ్యాలో తేల్చే చోట ఇంక దోసిలితో నిలబడం, ఫైలుతో నిలబడతాం.